చేతుల మీద చెంబు నీళ్ళు

పోయిన నెల బత్తలపల్లెలో మా ఆడబిడ్డ వాళ్ళ గృహప్రవేశం. కొత్త ఇల్లు, కొత్త రంగులు, పాత కరువు. వాళ్ళు వేయించిన బోరు దుమ్ము తప్ప ఇంకేమీ కక్కలేదు. టాంకరు తెప్పించి డ్రమ్ములు నింపుకున్నారు. భోజనాలయ్యాక చేతులు కడుక్కునే చోట ఒక పెద్ద బేసిను పెట్టారు. దాన్నిండా నీళ్ళు, పైన తేలే నిమ్మచెక్కలు. తిన్నవాళ్ళు తిన్నట్టే వచ్చి అందులో చేయి ముంచి, నాలుగు వేళ్ళూ ఆడించి, తీసి తుడుచుకుని పోతున్నారు. మా వైపు ఇది వింతేమీ కాదు. నీళ్ళ విలువ తెలిసిన ఇళ్ళలో పెళ్ళిళ్ళకు కూడా ఇంతే.

నేను మాత్రం ఎంగిలి చేయి గాలిలో ఆరబెట్టుకుంటూ నిలబడిపోయాను.

"ఏం వదినా, మా నీళ్ళు నీ చేతికి పనికిరావా?" అంది మా ఆడబిడ్డ, నలుగురూ వినేట్టు.

"పనికొస్తాయమ్మా. చెంబుతో పొయ్యి, చాలు."

"ఈ కరువులో ఒక్క చేతికి చెంబు నీళ్ళా! టీచర్లంటే ఇట్లనే ఉంటారు" అని సణుగుతూనే పోసింది. వేళ్ళ మీద నీళ్ళు పడగానే నా చెవిలో ఒక గొంతు పలికింది. "నిలిచిన నీళ్ళు వద్దు. కారాల. నీళ్ళు కారాల."

ఆ గొంతు గల మనిషి ఇప్పుడు లేదు. పోయి రెండేళ్ళు దాటిందని ధర్మవరం బస్సులో కలిసిన ఒక ఆయమ్మ చెప్పింది. ఆ ఆయమ్మ, ఆమె ఒకే ఆసుపత్రిలో పని చేశారు. ఆ రోజు బస్సులో నాకు ఏడుపు రాలేదు. బత్తలపల్లెలో, అంతమంది చుట్టాల మధ్య, ఎంగిలి చేతితో వచ్చింది.

ఆసుపత్రిలో ఆమెను అందరూ సిస్టరమ్మ అనేవాళ్ళు. అసలు పేరు నాకు తెలుసు, కానీ రాయను. రాస్తే ఆమె చేసిన పని ఒకటి ముందుకొచ్చి నిలబడుతుంది, మనిషి దాని వెనక కనపడకుండా పోతుంది.

తొంభైల చివరి రోజులు. నేను ఉరవకొండలో కొత్తగా ఉద్యోగంలో చేరాను. మావాడు నెలలు నిండకుండానే పుట్టాడు. వాణ్ణి గుడ్డల్లో చుట్టుకుని అనంతపురం తీసుకొచ్చేసరికి నా ప్రాణం నా దగ్గర లేదు. చిన్నపిల్లల గది తలుపు దగ్గర పొట్టిగా, నల్లగా, గట్టి ముడి వేసుకున్న ఒక ఆమె వాణ్ణి నా చేతుల్లోంచి తీసుకుంది. తీసుకుని నన్ను కాదు, వాణ్ణి పలకరించింది.

"ఏమప్పా పెద్దమనిషీ, అంత తొందరేమొచ్చె నీకు? ఈడ వానలు కురుస్తాండాయని ఎవురన్నా చెప్పినారా?"

ఏడుస్తున్న నేను నవ్వాను. ఆ నవ్వుతోనే ఆమె నన్ను కొనేసింది.

ఆ గదిలో ఉన్న పిల్లలందరితోనూ ఆమె మాట తీరు అదే. మగపిల్లలు పెద్దమనుషులు, ఆడపిల్లలు దొరసానులు. పాలు తాగని వాడితో "ఏం సామీ, అలక తీరలేదా?" అనేది. నీలం లైటు కింద కళ్ళకు గంతలు కట్టించుకుని పడుకున్న పిల్లను చూసి "దొరసాని ఎండకు కండ్లద్దాలు పెట్టింది" అనేది. పెద్దవాళ్ళతో మాత్రం ఆమెకు మర్యాదలేమీ లేవు. బీడీ వాసనతో వచ్చిన తండ్రిని గుమ్మంలోనే ఆపి "కడుపులో పొయ్యి పెట్టుకోని బిడ్డను చూడనీకి వచ్చినావా? పో, గాలికి నిలబడి రా" అని తరిమేది. తల్లుల చేత గాజులు తీయించేది. మధ్యాహ్నం కిటికీ దగ్గర నిలబడే జొన్నరొట్టె మీద చెనిక్కాయల ఊరిబిండి వేసుకుని తినేది. కూర్చుని తినగా ఎవరూ చూడలేదు. కూర్చుంటే పిల్లల రొమ్ములు ఎగసిపడేది కనపడదట.

అన్నిటికన్నా నీళ్ళ పిచ్చి ఎక్కువ. ఆమెది కుందుర్పి పక్కన ఒక పల్లె. చిన్నప్పుడు వంకలో ఇసుక తోడి, చెలమలో ఊరిన నీళ్ళను కొబ్బరిచిప్పతో బిందెకెత్తేవాళ్ళట. ముఖం కడిగిన నీళ్ళు పళ్ళెంలో పట్టి, వాటితో కాళ్ళు కడుక్కుని, ఆ నీళ్ళు మళ్ళీ గుమ్మడి పాదుకు పోసేవాళ్ళట. అలా పెరిగిన మనిషికి కొళాయి కింద ఊరికే కారిపోయే నీళ్ళను చూస్తే ఒంటి మీద తేళ్ళు పాకినట్టుండేది. ఎక్కడ చుక్క కారినా పరుగెత్తి వెళ్ళి తిప్పేసేది. ఆసుపత్రి కొళాయిలో నీళ్ళు వచ్చే రోజులే తక్కువ. మిగతా రోజులు టాంకరు దిక్కు.

ఆమె రాకముందు, నీళ్ళు లేని రోజుల్లో ఆ గదిలో ఎవరూ చేతులు కడిగేవాళ్ళే కాదట. ఆమె వచ్చి ఒక పద్ధతి పెట్టింది. తలుపు పక్కన స్టాండు మీద తెల్లటి పింగాణీ బేసిను. అందులో నీళ్ళు పోసి మందు కలిపితే మజ్జిగలాగా తెల్లబడేవి. డాక్టరయినా, ఆయమ్మ అయినా, పాలివ్వడానికి వచ్చిన తల్లి అయినా అందులో చేతులు ముంచి రుద్దుకున్నాకే లోపలికి పోవాలి. పొద్దునా సాయంత్రం ఆ నీళ్ళు తానే మార్చేది. పాత నీళ్ళు మోరీలో పారబోయడానికి మనసొప్పక వెనకాల ఉన్న కరివేపాకు చెట్టుకు పోసేది.

"ఈ ఆసుపత్రిలో ఆరోగ్యంగా ఉన్నది ఆ చెట్టొక్కటే" అని డాక్టరు ఆమెను ఏడిపించేవాడు. ఆయన కృష్ణా జిల్లా నుంచి వచ్చిన కుర్ర డాక్టరు. కాలువల్లో ఈతలు కొట్టి పెరిగినవాడికి ఇక్కడి నీళ్ళ గోల మొదట్లో నవ్వులాటగా ఉండేది.

"నవ్వండి సార్. ఇంతమంది చేతులు కడిగినా ఒక్క చుక్క పారేసేది లేదు నేను" అనేది ఆమె. ఆ మాట అనేటప్పుడు ఆమె ముఖంలో గర్వం ఉండేది. ఆ గర్వాన్ని నేను ఎన్నోసార్లు మెచ్చుకున్నాను.

మావాడి పక్క మంచం మీద కుందుర్పి వైపు పాపే ఒకతి ఉండేది. ఆ పాప తల్లికి ఇంకా బాల్యం పోలేదు. గొర్రెలు కాచుకునే వాళ్ళ కోడలు. ఆ ఊరి పేరు వినగానే సిస్టరమ్మకు ప్రాణం లేచొచ్చింది.

"మీ వంకలో చెలమలు ఉండాయా అమ్మీ, ఇంగా?"

"యాడివి సిస్టరమ్మా, ఇసుకంతా లారీలకెత్తుకోని పోయినారు."

అంతే, ఇద్దరూ చుట్టాలైపోయారు. సిస్టరమ్మ తన రొట్టెలో సగం ఆ అమ్మాయికి పెట్టేది. ఆ పాపను మిగతా దొరసానుల కన్నా ఒక మాట ఎక్కువే పలకరించేది. ఆ అమ్మాయి కూడా సిస్టరమ్మ చేతుల్లో పాపను పెట్టి, పుట్టింట్లో వదిలినంత నిశ్చింతగా వరండాలో పోయి కూర్చునేది.

తర్వాత ఆ గదికి ఏదో పట్టింది. నిన్నటిదాకా బాగా పాలు తాగిన బిడ్డ ఇవాళ నోరు తెరవడు. ఒళ్ళు చల్లబడుతుంది. పొట్ట ఉబ్బుతుంది. చర్మం బూడిద రంగుకు తిరుగుతుంది. ఏడవడానికి కూడా ఓపిక ఉండదు. మొదట కిటికీ దగ్గరి బిడ్డ పోయాడు. తర్వాత ఇంకొకడు. రక్తంలోకి ఇన్ఫెక్షన్ పాకిందని డాక్టరు చెప్పాడు. సూదిమందులు మార్చాడు. పిల్లల రక్తం పరీక్షకు పంపాడు. గదిలోని గొట్టాలూ, పాల గిన్నెలూ, నీళ్ళూ అన్నీ పంపాడు. వరండాలో మాత్రం ఎవరి పరీక్షలు వాళ్ళు చేసేసుకున్నారు. గాలి సోకిందన్నారు. గ్రహణం నాడు కడుపుతో బయట తిరిగిందన్నారు. ఏ మాటైనా చుట్టూ తిరిగి తల్లి మీదే వాలేది.

మావాడికీ వచ్చింది. ఒక పొద్దున నా రొమ్ము పక్కన నోరు పెట్టి ఊరకే పడుకున్నాడు. సిస్టరమ్మ వాడి అరికాలు మీద వేలితో తట్టింది. రెండోసారీ తట్టింది. పెద్దమనిషీ అనలేదు. వాణ్ణెత్తుకుని లోపలికి పరుగెత్తింది.

ఆ తర్వాత రోజులు నాకు సరిగా గుర్తులేవు. ఒక ఉదయం కుందుర్పి పాప పోవడం మాత్రం గుర్తుంది. దొరసానిని గుడ్డలో చుట్టి బయటికి తెచ్చి ఇచ్చింది సిస్టరమ్మే. ఆ అమ్మాయి అత్త బిడ్డను తన ఒడిలోకి లాక్కుంది. మొగుడు బండి మాట్లాడడానికి పోయాడు. బండి వచ్చేదాకా వాళ్ళు వరండాలోనే ఉన్నారు. అత్త నోరు ఆగలేదు. "దీని పాలే విషం. ఆ పాలు తాగే సచ్చిండాది నా మనవరాలు. ఇది మా ఇంటి గడప తొక్కితే ఇంగేమేమి కాలిపోతాయో" అని వచ్చేపోయే వాళ్ళకల్లా చెబుతోంది. ఆ అమ్మాయి గోడకు ఆనుకుని కూర్చుంది. బిడ్డ లేదని రొమ్ములకు తెలియదు. రవిక ముందంతా పాలతో తడిసిపోయి ఉంది. ఆ పాలకేసి తనే భయంగా చూసుకుంటోంది.

నేను లోపల మావాడి పక్కన కూర్చున్నాను. డాక్టరు వచ్చి బేసిను దగ్గర నిలబడ్డాడు. నేనున్నానన్న సంగతి ఆయనకు పట్టలేదు.

"సిస్టర్, పరీక్షలు వచ్చాయి. పిల్లల రక్తంలో ఏ క్రిమి ఉందో ఈ బేసిను నీళ్ళలోనూ అదే ఉంది. మందు కలిపినా చావని రకం. మనందరం దీంట్లోనే చేతులు ముంచి, అవే చేతులతో పిల్లల్ని ముట్టుకున్నాం. ఒకరి నుంచి ఒకరికి మనమే మోశాం."

ఆమె బేసినుకేసి చూసింది. "మందు పోసినా గదా సార్" అంది. కాసేపటికి మళ్ళీ, "మందు వాసన వస్తాండాది గదా" అంది. చిన్నపిల్ల అడిగినట్టు అడిగింది.

"మీ ఒక్కరిదే కాదు. నేనూ ముంచాను" అన్నాడు డాక్టరు. "ఇవాళే ఇది తీసేద్దాం. కానీ బయట ఎవరికీ చెప్పొద్దు. అద్దాలు పగలగొడతారు, అది పోనివ్వండి. రేపటి నుంచి ఒక్క బిడ్డను కూడా ఇక్కడికి తీసుకురారు. ఇళ్ళల్లోనే చచ్చిపోతారు."

ఆయన చెడ్డవాడు కాదు. ఆ మాటలో అబద్ధం కూడా లేదు. నాకు మాత్రం ఒళ్ళంతా మంట పుట్టింది. మావాడి ముంజేతికి సెలైను సూది గుచ్చింది ఈమె చేతులే కదా అని ఆ చేతులకేసి చూశాను. లేచి అరవబోయాను. అంతలో బయటి నుంచి అత్త గొంతు మళ్ళీ వినిపించింది. "విషం తాపి సంపినావు గదే!"

సిస్టరమ్మ రెండు చేతులతో ఆ బేసిను ఎత్తుకుంది. "సిస్టర్!" అన్నాడు డాక్టరు. ఆమె వెనక్కి తిరగలేదు. తొణకకుండా మోసుకుపోయి ఆ అత్త ముందు దించింది.

"ఈ పిల్ల పాలల్లో ఏమీ లేదు. విషముండేది ఈ నీళ్ళల్లో. ఈ నీళ్ళు ఈడ పెట్టింది నేను. నీ మనవరాల్ని ముట్టుకున్నవి ఈ చేతులు. ఏమన్నా అంటే నన్ననండి. ఆ పిల్లని అనొద్దండి."

అత్తకు అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. అర్థమయ్యాక బిడ్డను గుండెకు అదుముకునే లేచి బేసినును కాలితో తన్నింది. తెల్లటి నీళ్ళు వరండా పొడుగునా పారాయి. సిస్టరమ్మ కాళ్ళు తడిసినా కదల్లేదు. ఆ అమ్మాయి ఏడవలేదు. తన రవికకేసి చూసుకుని, తర్వాత సిస్టరమ్మ చేతులకేసి చూస్తూ ఉండిపోయింది. వాళ్ళ మనుషులు వచ్చాక డాక్టరు చెప్పినట్టే అద్దాలు పగిలాయి.

ఆ మధ్యాహ్నం మావాడికి మందు ఎక్కించే వేళకు సిస్టరమ్మ వచ్చి దూరంగా నిలబడింది. చేతులు రెండూ ఒంటికి తగలకుండా ఎడంగా పట్టుకుంది, ఎవరివో మోస్తున్నట్టు.

"టీచరమ్మా, మీ పిల్లోనికి మందియ్యాల. నేను ముట్టుకునేదా, వద్దా?"

ఆ క్షణం ఆమెను అసహ్యించుకున్నాను. దాచుకోను. కానీ వెంట్రుకంత సన్నటి ఆ నరాన్ని వెతికి పట్టుకోగల చేయి ఆ గదిలో ఇంకొకటి లేదు. డాక్టరు బయట జనంతో ఉన్నాడు. మావాడి ఊపిరి ఎగుడుదిగుడుగా ఉంది. ముట్టుకోమని తల ఊపాను.

"నీ బిడ్డ. నా చేతుల మీద నీళ్ళు నువ్వే పొయ్యి" అంది. "నీ కండ్లతో చూస్తా పొయ్యి."

ఆయమ్మ కాచిన నీళ్ళు, చెంబు తెచ్చిపెట్టింది. నేను పోశాను. ఆమె సబ్బు రుద్దుకుంది. వేళ్ళ సందులు, గోళ్ళ కింద, మణికట్లు. నేను ఆపబోతే "ఇంగా" అంది. మళ్ళీ పోశాను. "ఇంగా." చుక్క నీటికి పరుగులెత్తే మనిషి చెంబుల కొద్దీ నీళ్ళు కిందికి వదిలేస్తోంది. "నిలిచిన నీళ్ళు వద్దు టీచరమ్మా. కారాల. నీళ్ళు కారాల" అని తనలో తనే అనుకుంటోంది. నా కోపం తగ్గిందని చెప్పను. చేయి మాత్రం నొప్పి పుట్టింది. తర్వాత ఆమె వంగి ఒక్క పోటుతో నరం పట్టుకుంది. ఎవర్నీ పలకరించలేదు.

మావాడు బతికాడు. మెల్లగా, కొసరి కొసరి బతికాడు.

ఆ తర్వాత ఆ గదిలో బేసిను లేదు. కొళాయి ఉన్న డ్రమ్ము వచ్చింది. అయినా సిస్టరమ్మ తన చేతుల మీద తను నీళ్ళు పోసుకునేది కాదు. ఏ బిడ్డను ముట్టుకోవాలంటే ఆ బిడ్డ తల్లి పోయాలి. డాక్టరు కూడా తల్లుల ముందు చేతులు చాపి నిలబడేవాడు. కొన్నాళ్ళు ఆమెను పెద్దవాళ్ళ వార్డుకు వేశారు. అక్కడ కూడా సెలైను సూది గుచ్చే ముందు రోగి తాలూకు మనిషికి చెంబు చేతికిచ్చి "పొయ్యప్పా" అనేదట. అయితే పుట్టుబుద్ధి ఎక్కడికి పోతుంది? చేతులు కడిగే చోటు నుంచి కరివేపాకు చెట్టు దాకా సన్నటి కాలువ తీయించింది. నీళ్ళు కారాలి, కారినా చెట్టుకే కారాలి.

ఒక్కటి మాత్రం మానేసింది. పిల్లలతో మాట్లాడటం. మేము ఇంటికి వచ్చే రోజు మావాణ్ణి నా చేతుల్లో పెట్టింది కానీ పెద్దమనిషీ అని పిలవలేదు.

ఆమె ఆ రోజు నోరు మూసుకుని ఉంటే ఆ గదిలో బిడ్డ బతికిన ప్రతి తల్లీ ఇవాళ ఆమె ఫోటోకు దండం పెట్టేదేమో. నా బిడ్డను బతికించిన తల్లి అని అందరికీ చెప్పేది. నిజం చెప్పి ఆ భాగ్యం తనకు తనే లేకుండా చేసుకుంది. మావాడికి జబ్బు అంటించిన చేతులూ అవే, బతికించిన చేతులూ అవే. ఇన్నేళ్ళయినా నాకు ఈ లెక్క తేలలేదు. తేలదేమో కూడా.

ఆమెను చివరిసారి చూసింది ఆ తర్వాత కొన్నేళ్ళకు. మా స్కూల్లో ఒక టీచరు బిడ్డకు కామెర్లు ఎక్కువైతే వాళ్ళకు తోడు వెళ్ళాను. సిస్టరమ్మ మళ్ళీ చిన్నపిల్లల గదికే వచ్చింది. ముడి నెరిసింది. నన్ను చూసి తల ఊపింది. అంతలో ఆమె చూపు నా వెనక్కి పోయి అక్కడే ఆగింది. తిరిగి చూశాను. కుందుర్పి అమ్మాయి. వెనకాల అత్త, అత్త చేతుల్లో అప్పుడే పుట్టిన పాప. బరువు తక్కువని పంపించారట.

సిస్టరమ్మ ఒక అడుగు వెనక్కి వేసింది. "ఇంగో సిస్టరుని పిలుస్తా అమ్మీ. ఈడనే ఉండండి."

"ఎందుకు?" అంది ఆ అమ్మాయి. "మీరే రాండి."

తల్లే నీళ్ళు పోయాలన్న సంగతి వాళ్ళ ఊరిదాకా చేరిందేమో, డ్రమ్ము దగ్గరికి పోయి చెంబు తీసుకుంది. సిస్టరమ్మ చేతులు చాపింది. ఆ అమ్మాయి పోయడం మొదలుపెట్టింది. ఒక చెంబు అయింది. మళ్ళీ పట్టింది. సిస్టరమ్మ చాలనలేదు, ఆ అమ్మాయి ఆపలేదు. నీళ్ళు కాలువ నిండి పక్కలకు పొర్లాయి. ఆ ఏడు కూడా వానల్లేవు. డ్రమ్ము అడుగుకు పోతోందని ఆయమ్మ నోరు తెరవబోయింది.

"పొయ్యనీలేమ్మా" అంది అత్త.

ఎప్పటికో చెంబు కింద పెట్టి, ఆ అమ్మాయి కొంగు తీసి సిస్టరమ్మ చేతులు తుడవబోయింది. సిస్టరమ్మ చేతులు పైకి లాక్కుంది. "కొంగు వద్దే! మళ్ళా మొదట్నుంచీ పోయాల్సొస్తాది!" పాత కసురు అలాగే వచ్చేసింది. ఆ అమ్మాయి నవ్వింది. నవ్వుతూనే కళ్ళు తుడుచుకుంది.

మిగిలిన నీళ్ళు ఆ అమ్మాయి చేతుల మీద నేను పోశాను. ఇద్దరూ చేతులు గాలిలో పెట్టి, ఆరేదాకా ఎదురెదురుగా నిలబడ్డారు. తర్వాత ఆ అమ్మాయి అత్త దగ్గర్నుంచి పాపను తీసుకుని ఆ చేతుల్లో పెట్టింది. సిస్టరమ్మ పాపను మౌనంగా పట్టుకుని లోపలికి తిరిగింది.

"ఊరికే పోతాండావేం సిస్టరమ్మా" అంది ఆ అమ్మాయి. "మొదటి దాన్ని ఏమని పిలుస్తాంటివో దీన్నీ అట్లనే పిలువు."

సిస్టరమ్మ ఆగిపోయింది. పాప ముఖంలోకి వంగింది.

"ఏం దొరసానీ" అంది. "వచ్చినావా?"